అరిగిపోవడమే దాని పని

కొత్త కారు కొని కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోని ఇల్లు మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఉండదంటే అతిశయోక్తి కాదు. బానెట్ మీద పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయల మీదుగా బండిని ఒక్క అడుగు ముందుకు నడిపిస్తే ఇక ఆ బండి బాధ్యత అంజన్నది. మనం నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

మాది సెకండ్ హ్యాండు కారు. అయినా పూజలో లోటు చేయలేదు. 2016 వేసవిలో ఆ పూజ చేయించుకుని ఘాటు రోడ్డు మీదుగా దిగుతున్నాం. పెట్రోలు కలిసొస్తుందని మావారు గేరు న్యూట్రల్లో వేసి, బ్రేకు మీద కాలు ఉంచి బండిని జారనిస్తున్నారు. సగం దిగేసరికి ఏదో మాడిన వాసన. పొయ్యి మీద పాలు మాడినా, పప్పు మాడినా పక్క గదిలోంచే చెప్పగల ముక్కు నాది. ఇది ఆ వాసన కాదు. "ఆపండి, ఏదో కాలుతోంది" అన్నాను. "ఆపుదామనే చూస్తున్నా" అన్నారాయన. ఆ గొంతు నాకింకా గుర్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు వేసి, ఎలాగో ఒక చెట్టు పక్కన నిలిపారు. వెనక సీట్లో మా అత్తమ్మ మాత్రం "నిమ్మకాయలు తొక్కిచ్చినం గద, ఇంకేం భయం" అంటూ ప్రసాదం పొట్లం విప్పింది.

మర్నాడు మెకానిక్కు షాపులో చక్రం ఊడదీశారు. ఆ పెద్దాయన అర్ధచంద్రం లాంటి ఇనుప ముక్కను నా చేతిలో పెట్టి అన్నాడు గదా, "నిమ్మకాయలు మంచియే అమ్మా. గాని లోపల లైనింగు సూసిన్రా? గాజు లెక్క నున్నగయింది." ఆ ఇనుముకు అంటించి ఉండవలసిన మందపాటి పట్టీ పల్చబడి, మెరుస్తోంది. ఇంత తొందరగా అరిగిపోవడమేమిటి, సరుకు మంచిది కాదా అని అడిగాను. ఆయన నవ్వాడు. "అరిగేటందుకే పెడ్తరమ్మా. అది అరగకుంటె మీ బండి ఆగది."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, బ్రేకుల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. నవలలు రాసుకునే దానికి ఇదేం పిచ్చి అనుకోకండి. వెతుకుతూ పోతే ఆ చరిత్ర మొదట్లోనే నాకు ఒక ఆడమనిషి ఎదురైంది.

మోటారు రాకముందు పరుగును నిలిపే భారం ఎక్కువగా ఎడ్లదే. ఏటవాలులో బండి తోసుకొస్తుంటే ఎడ్లు మెడతో కాడిని వెనక్కి నెట్టి, కాళ్ళు తన్నిపెట్టి నిలువరించేవి. నిలిచాక బండివాడు దిగి చక్రానికి రాయి అడ్డం పెట్టేవాడు. గుర్రపుబండ్ల దేశాల్లో చక్రం పట్టాకు ఒక చెక్కముక్కను ఒత్తిపెట్టే ఏర్పాటుండేది. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మొట్టమొదటి మోటారు బండి తర్వాత కూడా ఆపడానికి గతి ఆ చెక్కముక్కలే.

కార్ల్ భార్య బెర్తా. పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము తెచ్చి అతని వర్కుషాపులో పెట్టిన ఇల్లాలు. భర్త గొప్ప బండి చేశాడు గానీ, జనం కొనడం లేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, ఆయనకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. వంద కిలోమీటర్లకు పైగా దారి. మోటారు బండిలో అంత దూరం అంతకుముందు ఎవరూ పోలేదు. పుట్టింటికి పోవాలంటే మనకు దారులు కనిపించినట్టు మగవాళ్ళకు కనిపించవు కాబోలు!

దారిలో పెట్రోలు పంపులు లేవు. వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల దుకాణంలో ఇంధనం కొనుక్కుంది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఎక్కుడులో పిల్లలు దిగి బండిని తోశారు. కానీ అసలు భయం దిగుడులో వచ్చింది. చెక్క బ్రేకులు అరిగిపోయి పట్టు తప్పుతున్నాయి. ఆవిడ ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని దగ్గర బండి ఆపి, ఆ చెక్కముక్కలకు తోలు వేసి కొట్టమంది. ప్రపంచంలో మొదటి బ్రేకు లైనింగు అదేనని చరిత్రకారులు చెబుతారు. ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు దాన్ని. పిల్లలను వెంటేసుకుని కొండ దిగవలసిన తల్లికి తోచిందది. తిరిగొచ్చి, ఎక్కుళ్ళకు మరో గేరు కావాలని కూడా ఆవిడే చెప్పింది. మొగుడు విన్నాడు. 1944లో, 95 ఏళ్ళ వయసులో కన్నుమూసేదాకా ఆవిడ మోటారు ప్రపంచం ఎదగడం చూస్తూనే ఉంది.

ఇంగ్లండులోనూ ఇదే కథ మరో రూపంలో నడిచింది. డెర్బీషైర్ కొండల్లో బండివాళ్ళు పాత బూట్లను తెచ్చి బ్రేకు చెక్కలకు కొట్టుకోవడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన చూశాడు. ఇంతకంటే మంచి పట్టీ చేయలేమా అని 1897లో పని మొదలుపెట్టాడు. గట్టి నేతగుడ్డకు జిగురు పట్టించి చేసిన పట్టీలు తోలుకంటే బాగా పట్టాయి గానీ, వేడి ఎక్కితే మాడిపోయేవి. వేడికి ఓర్చే పీచు కావలసి వచ్చింది. 1908లో ఆయన పట్టీల్లోకి రాతినార, అదే ఆస్‌బెస్టాస్, వచ్చింది. నిప్పుకు లొంగదు, నూలులా వడకవచ్చు. తర్వాత అనేక దశాబ్దాలు లోకంలోని మోటార్లన్నీ దాని మీదే ఆగాయి.

వడికింది ఎవరు? రోచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో రాతినారను దారం తీసే ఆడకూలీల్లో నెల్లీ కెర్షా ఒకతె. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని 1924లో, 33వ ఏట చనిపోయింది. ఆ జబ్బు గురించి వైద్య పత్రికలో మొదట అచ్చయింది ఆమె కేసే. అంతా తెలిసీ లోకం మేలుకోవడానికి చాలా కాలం పట్టింది. యూరప్ దేశాల సమాఖ్య రాతినారను పూర్తిగా నిషేధించింది 2005లో. అందుకే చెబుతున్నాను, పాత బండి డ్రమ్ములోని దుమ్మును గొట్టంతో ఊదే మెకానిక్కు కుర్రాడు కనిపిస్తే, "ఊదకు బాబూ, తడిగుడ్డతో తుడువు" అనండి. వాడికీ ఒక తల్లి ఉంటుంది.

పట్టీ సంగతి ఇలా ఉండగా, దాన్ని ఒత్తే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకు తెచ్చాడు. చక్రంతో తిరిగే గిన్నె, లోపలి నుంచి దాన్ని ఒత్తే రెండు షూలు. అదే ఏడు ఇంగ్లండులో లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు గానీ, అది నలుగురి కంటా పడడానికి యాభై ఏళ్ళు పట్టింది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు గెలిచాక గానీ దాని విలువ తెలియలేదు. కడ్డీలూ తీగలూ పోయి నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు అమెరికాలో 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ వచ్చాయి. పెద్ద బస్సులకూ లారీలకూ గాలి బ్రేకులు. ఆ గాలి బ్రేకుకు మూలం 1869లో వెస్టింగ్‌హౌస్ రైళ్ళకోసం కనిపెట్టిన బ్రేకు.

ఇన్ని మార్పులొచ్చినా మారనిది ఒక్కటే. బ్రేకు పరుగును మింగేయదు, వేడిగా మారుస్తుంది. లెక్క కట్టి చూశాను. పది టన్నుల బస్సు నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ వేడితో ముప్పై లీటర్ల చన్నీళ్ళు మరుగుకు వస్తాయి. అంటే పెళ్ళివారి కాగు ఒకటి! ఇంజను గేరులో ఉంటే ఆ భారంలో తన వంతు మోస్తుంది. న్యూట్రల్లో వేస్తే దాదాపు అంతా బ్రేకుల మీదే పడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పట్టీ పట్టు సడలుతుంది. ఎంత తొక్కినా బండి వినదు. ఆనాడు మాకు వచ్చిన మాడు వాసన అదే. మా అదృష్టం, బండిలో నలుగురమే ఉన్నాం.

మా కారు దిగిన ఆ దారిలోనే, రెండేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరు 11న ఒక ఆర్టీసీ బస్సు దిగింది. మంగళవారం, అంజన్న వారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోయే బస్సది. యాభై చిల్లర మంది కూర్చోవలసిన బస్సులో వంద మందికి అటూ ఇటుగా ఉన్నారు. ఘాటు దాదాపు దిగేసిన చోట బస్సు అదుపు తప్పి లోయలో పడింది. అరవై మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కొడిమ్యాల మండలంలోని శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, తిరుమలాపూర్, డబ్బు తిమ్మాయిపల్లి లాంటి ఊళ్ళలో వాడవాడకీ శవం వచ్చింది. బ్రేకులు పడలేదన్నది ఆనాడు అందరి నోటా వినిపించిన మాట. రోడ్డు వాలు, బస్సు వయసు, మోయలేనంత జనం కూడా చర్చకొచ్చాయి. నాకు మాత్రం ఆ రోజంతా ముక్కులో అదే మాడు వాసన.

మన బస్సుల చరిత్ర చిన్నదేం కాదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆర్టీసీ బస్సు నంబరులో కనిపించే 'జెడ్' అక్షరం నిజాం ప్రభువు తల్లి జహరా బేగం పేరు మీద పెట్టిందని పెద్దలు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, తల్లి పేరు రాసుకున్న బండి అనే ఊహ నాకు నచ్చుతుంది. ఎందుకంటే పల్లె బస్సు ఆడవాళ్ళ బండి. మగవాడికి మోటారు సైకిలుంటుంది. ఆసుపత్రికి, బ్యాంకుకు, బిడ్డ ఇంటికి పోవలసిన ఇల్లాలికి బస్సే దిక్కు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. సంతోషమే. ఎక్కేవాళ్ళు పెరిగినకొద్దీ ఆ పట్టీల మీద పడే బరువు కూడా పెరుగుతుందన్న సంగతి ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి గదా.

మనం ఇంట్లో చేయగలిగినవి కొన్నున్నాయి. ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. దిగుడులో న్యూట్రల్ వద్దు. ఇంజను ఆపడం అసలే వద్దు, బ్రేకుకు సాయం చేసే శక్తి దానితోపాటే పోతుంది. తొక్కితే కీచుమంటున్నా, పెడలు మెత్తగా కిందికి పోతున్నా పండగ అయ్యాక చూద్దామనుకోకూడదు. ఇక బ్రేకు ఆయిలు. అది వానాకాలంలో మూత తీసిన ఉప్పు జాడీ లాంటిది, గాలిలోని తేమను తాగుతూ ఉంటుంది. మామూలు రకం ఆయిలు కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ తాగితే 140 దగ్గరే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, పెడలు నేలకు తగులుతుంది గానీ చక్రం ఆగదు. అందుకే రెండేళ్ళకోసారి మార్పించమంటారు.

ఇదంతా మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం. కానీ చెప్పండి, అరిగిపోయేదాన్ని కనిపెట్టి చూసుకోవడం మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చీపురు అరుగుతుంది, గ్యాసుపొయ్యి గొట్టం పాతబడుతుంది, కుక్కరు రబ్బరు సాగుతుంది. కొత్తది వచ్చినప్పుడు అందరూ చూస్తారు. పాతదాన్ని సమయానికి మార్చిన సంగతి ఎవరికీ కనబడదు, ఎందుకంటే ఆ రోజు ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే ఆ పనికి వచ్చే ఫలం.

ఇప్పుడూ మేము కొండగట్టు పోతాం. నిమ్మకాయలూ మానలేదు. కాకపోతే బయలుదేరే ముందు మా అత్తమ్మే వాకిట్లోకి వచ్చి కొడుకును అడుగుతుంది: "బిడ్డా, బిరీకులు సూపిచ్చినవా?" ఆయన "ఆఁ, చూపించిన అమ్మా" అన్నాకనే కారెక్కుతుంది.