దుమ్ముగూడెం లేసు

గోదావరి లేసు అంటే ఎవరైనా నరసాపురం పేరే చెబుతారు. మా బూర్గంపాడుకు ఎగువన, భద్రాచలం దాటాక పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న దుమ్ముగూడెంలోనూ ఒకప్పుడు లేసు అల్లారన్న మాట చదివిన రోజు నాకు పట్టరాని సంబరమేసింది. ఇప్పచెట్ల కింద, కోయపల్లెల నడుమ లేసేమిటి?

1860కి వెళ్తే సంగతి తెలుస్తుంది. ఆ ఏడు నైజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాడు. గోదావరికి ఇవతల బూర్గంపాడు నైజాం ఇలాకా, అవతల భద్రాచలం దొరల ఏలుబడి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది కాబట్టి దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దృష్టి ఎగువకు మళ్ళింది. నాగపూర్ వైపు పత్తి పడవల మీద సముద్రం దాకా దిగిరావాలన్నది ఆయన కల. దారిలో మూడు చోట్ల రాళ్ళు అడ్డం. మొదటి అడ్డు దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ పడవలకు దారి తీసే పనులు చూసిన ఇంజనీరు హేగ్‌కు భక్తి ఎక్కువ. చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళను పిలిపించి కోయల మధ్య మిషన్ పెట్టించాడు. 1871లో సర్కారు పడవల పథకానికి మంగళం పాడింది. దుమ్ముగూడెంలో కట్టిన ఆనకట్ట నిలిచింది, కాలువ నిలిచింది, మిషనూ నిలిచింది.

ఆ మిషన్‌కు 1870ల్లో వచ్చినవాడు జాన్ కెయిన్. కోయల ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో వ్యాసాలు రాశాడు. లూకా సువార్తను కోయభాషలోకి తెచ్చి 1889లో అచ్చు వేయించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద సంపుటాలు తెచ్చినప్పుడు కోయల గురించి కెయిన్ మాటలు ఎత్తి రాశాడు. మిషన్ ఆడవాళ్ళకు లేసు నేర్పినది మాత్రం ఆయన భార్య. ఆవిడ సొంత పేరు నాకు కనబడలేదు, అంతటా 'మిసెస్ కెయిన్' అనే ఉంది. భర్త రాసిన మాటలు గ్రంథాలయాల్లో పదిలంగా ఉన్నాయి. భార్య నేర్పిన పని ఆ ఊళ్ళోనే మాట వరసకైనా వినిపించదు. ఆ పనితో పొట్టపోసుకున్న ఆడవాళ్ళ పేర్లయితే అసలే లేవు. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

ఇదంతా ఒక పెద్ద అలలో భాగం. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువొచ్చినప్పుడు, కొక్కెం సూదితో అల్లే క్రోషె అక్కడి ఇళ్ళకు కూడు పెట్టింది. ఆ తర్వాత ఎన్నో మిషన్లకు దారం ఉండ, కొక్కెం చేరాయి. నరసాపురంలో బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు 1830ల నుంచే కాపురముంటున్నారు. ఆ శతాబ్దంలోనే అక్కడా లేసు వేళ్ళూనుకుంది.

ఈ అల్లిక మన ఇళ్ళలో ఎందుకు నిలదొక్కుకుందో చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, కొక్కెంతో లాగి, ఉన్న ముడిలోంచి కొత్త ముడి తీస్తారు. ఒక్కో అల్లిక ముగిశాక సూది మీద మిగిలేది ఒకే ఒక్క ముడి. స్వెటర్ అయితే సూది నిండా ముడులే. ఒకటి జారితే దాని కింది ముడులు ఒకదాని వెంట ఒకటి ఊడిపోతాయి. లేసు పక్కన పడేసి పొయ్యి మీద పాలు దించి రావచ్చు, పిల్లాడిని ఎత్తుకోవచ్చు. ఒక పువ్వు అయిపోతే రెండోది. నరసాపురం వైపు పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరి ఇంట్లో పూర్తవుతుంది.

ఆ సౌకర్యమే అల్లేవాళ్ళకు ఉరి అయింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో నరసాపురం లేసు మీద పుస్తకం రాసింది. ఇంటి చాకిరీకి తోడు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళను, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారంటూ లెక్కలోంచి తీసేశారని నిలదీసింది. వ్యాపారం చేసినవాళ్ళు ఎగుమతిదారులు, అల్లినవాళ్ళు గృహిణులు! 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, సంతోషించాను. కూలి కూడా దానికి తగ్గట్టు పెరగాలి.

దారం ఉండ రాకముందు మా ఇళ్ళలో ఉన్నది బొంత. అదెప్పటిదో చెప్పేవాళ్ళు లేరు. నూలుచీర పాతబడేకొద్దీ మెత్తనవుతుంది గనుక కొత్తగుడ్డ పనికిరాదు. మెత్తబడ్డ చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, మూలలు పట్టించి, అంచు నుంచి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వస్తారు.  చీర చిరగాలి, చలికాలం రావాలి కాబట్టి బొంత ఏళ్ళ తరబడి సగంలో ఆగుతుంది. ఈలోగా ఊలు దారంతో గుమ్మానికి తోరణం, టీవీ మీదికి గుడ్డ మొదలవుతాయి. చిలకపచ్చ, గులాబీ, పసుపు, ఏ ఉండ దొరికితే ఆ రంగు. మూడూ ఒకే సంచిలో ఉంటాయి.  

దుమ్ముగూడెం, చర్ల వైపు పాత క్రైస్తవ కుటుంబాల ట్రంకుపెట్టెల్లో అవ్వలనాటి లేసు ముక్క ఇంకా ఉండే వీలుంది. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో గిరిజన మ్యూజియం ఉంది. ఆ ముక్క అక్కడికి చేరాలి, పక్కన అల్లినామె పేరు కూడా రాయాలి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే అడగండి.