ఒక్క క్లిక్‌తో 30 కంప్యూటర్లకు ఫైల్స్.. తప్పు జరిగితే అన్నిట్లోనూ మాయం! సింక్ టూల్స్ వాడేవాళ్లు ఇవి తెలుసుకోండి

పిడుగురాళ్లలో 30 కంప్యూటర్లున్న ఒక కాలేజీ ల్యాబ్ ఉందనుకుందాం. 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను ఒక్కో కంప్యూటర్‌లో విడిగా డౌన్‌లోడ్ చేస్తే మొత్తం 60 జీబీ. 20 ఎంబీపీఎస్ లైన్ ఫుల్ స్పీడ్‌లో నడిచినా ఆరున్నర గంటలు దాటిపోతుంది. అదే ఒక కంప్యూటర్‌లోకి దించి, ల్యాబ్ నెట్‌వర్క్‌లోనే మిగతావాటికి పంపితే? బయటి నెట్‌తో పని 14 నిమిషాల్లో అయిపోతుంది. ఈ పంపిణీ చేసేవే సింక్ టూల్స్.

ఎలా పనిచేస్తాయి?

లైనక్స్‌లో ఎక్కువగా వాడేది ఆర్‌సింక్. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ 1996లో దీన్ని విడుదల చేశారు. నెట్‌వర్క్‌లో పంపేటప్పుడు ఇది పాత ఫైల్‌ను ముక్కలుగా చేసి, కొత్తదాంతో పోల్చి, మారిన భాగాన్నే పంపుతుంది. స్లో నెట్ ఉన్నచోట ఇదే పెద్ద ప్లస్. విండోస్‌లో రోబోకాపీ ముందే ఉంటుంది. మారని ఫైల్స్‌ను వదిలేస్తుంది కానీ, కొంచెం మారిన ఫైల్‌నైనా మొత్తం కాపీ చేస్తుంది. సెంట్రల్ సర్వర్ లేకుండా కంప్యూటర్లను నేరుగా కలిపేది సింక్‌థింగ్. ఇది ఉచితం.

చిక్కు ఎక్కడ?

సింక్ వేరు, బ్యాకప్ వేరు. డిలీట్ లేదా మిర్రర్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, మెయిన్ కంప్యూటర్‌లో చెరిపిన ఫోల్డర్ మిగతా 29 కంప్యూటర్లలోనూ పోతుంది. ర్యాన్సమ్‌వేర్ ఫైల్స్‌ను లాక్ చేస్తే, టూల్ దాన్నీ కొత్త మార్పే అనుకుని అందరికీ పంచేస్తుంది.

టూల్‌లోనూ లోపాలు ఉండొచ్చు. ఆర్‌సింక్‌లో బయటపడ్డ ఆరు భద్రతా లోపాలను సరిచేస్తూ 2025 జనవరిలో 3.4.0 వెర్షన్ వచ్చింది. వాటిలో తీవ్రమైన దాంతో సర్వర్‌లో హ్యాకర్ తన కోడ్‌ను నడిపే ప్రమాదం ఉంది.

ఈ నాలుగూ మర్చిపోవద్దు

1. ముందు ట్రయల్ వేయండి. ఆర్‌సింక్‌లో డ్రై రన్, రోబోకాపీలో లిస్ట్ ఆప్షన్ పెడితే ఏం కాపీ అవుతుందో, ఏం పోతుందో చూపిస్తాయి. ఫైల్స్‌ను ముట్టుకోవు.

2. మొదట ఒకట్రెండు కంప్యూటర్లకే పంపండి. అంతా బాగుంటేనే మిగతావాటికి.

3. పాత కాపీలు దాచండి. ఆర్‌సింక్‌లో బ్యాకప్ ఆప్షన్, సింక్‌థింగ్‌లో ఫైల్ వర్షనింగ్ ఉన్నాయి. వీటితో పాటు ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ తీసి, నెట్‌వర్క్ నుంచి విడదీసి ఉంచండి.

4. టూల్‌ను అప్‌డేట్ చేయండి. పాత ఆర్‌సింక్ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టొద్దు.

మార్కుల జాబితా అయినా, సున్నం బట్టీ లెక్కల ఫైల్ అయినా సింక్‌లో పోయాక తిరిగి దొరకాలంటే ఆ విడి కాపీయే దిక్కు.