మహేంద్రగిరి: కొండ అటు, నీళ్ళు ఇటు



బరంపురంలో పాసింజరు బండి ఎక్కి పలాస వైపు వెళ్ళేటప్పుడు, సోంపేట దాటాక కుడిచేతి కిటికీలోంచి ఒకసారి చూడండి. వరి మళ్ళు, కొబ్బరి, జీడి తోటలు, వాటి వెనుక నీలంగా కొండల వరుస. ఆ వరుసలో తల ఎత్తి నిలబడినది మహేంద్రగిరి. వానాకాలంలో దాని సగం మబ్బులోనే ఉంటుంది. ఎత్తు 1,501 మీటర్లు, అంటే ఐదువేల అడుగులకు కొంచెం తక్కువ. సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. ఇంత తీరానికి దగ్గరగా ఇంత ఎత్తు కొండ ఉండడం మన తూర్పు కనుమలలో అరుదు.

ఆ కొండ ఈనాడు ఒరిస్సాలో, 1992లో గంజాం నుంచి విడదీసిన గజపతి జిల్లాలో ఉంది. దాని కాళ్ళ దగ్గరి మందస ఆంధ్రలో ఉంది. మందస అనగానే మనకు కోవా గుర్తుకొస్తుంది. కొండ గుర్తుకు రావడం తక్కువ. కాని ఈ రెండింటినీ వేరుచేసిన గీత వయస్సు ఇంకా నూరేళ్ళు కూడా నిండలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాను పంచారు. బరంపురం, పర్లాకిమిడి పట్టణం, వెనుకనున్న మాళియాలు అటు వెళ్ళాయి. టెక్కలి, సోంపేట, మందస ఇటు మిగిలాయి. భాషను బట్టి గీత గీశామన్నారు. అయితే కొండమీద ఉన్నవారు సవరలు. వాళ్ళ భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ఆ భాషను చెవులారా విని, నేర్చి, 1931లో దానికి వ్యాకరణ గ్రంథం వెలువరించినవారు పర్లాకిమిడిలో పనిచేసిన మన గిడుగు రామమూర్తి పంతులుగారే.

గీతకు ముందు చరిత్ర ఎటు నడిచింది? కాళిదాసు రఘువంశంలో కళింగ రాజును మహేంద్రనాథుడన్నాడు. కళింగానికి గుర్తు ఈ కొండ అన్నమాట. ముఖలింగం దగ్గర కళింగనగరంలో ఉండి ఏలిన తూర్పు గాంగులు, తమ రాగిశాసనాలలో మహేంద్ర శిఖరం మీది గోకర్ణస్వామిని కులదైవంగా చెప్పుకున్నారు. రాజధాని వంశధార ఒడ్డున మైదానంలో, దైవం కొండకొమ్మున. పన్నులకు, దండయాత్రలకు మైదానం కావాలి, మొక్కుకు కొండ కావాలి. పదకొండవ శతాబ్దంలో తంజావూరు నుంచి రాజేంద్రచోళుని సేనలు ఇంత దూరం వచ్చాయి. తమ విజయాన్ని ఎక్కడ చెక్కించారంటే, ఈ కొండమీదే. తమిళంలోను, సంస్కృతంలోను ఉన్న ఆ శాసనాల పక్కన చోళుల పులి, పాండ్యుల చేపలు చెక్కి ఉన్నాయి. ఎదుటివాడి కులదైవం ముంగిట తన ముద్ర వేస్తే ఓడినవాడికి అంతకుమించి చెప్పనక్కరలేదు.

శిఖరం మీది రాతి గుళ్ళను భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అంటారు. పాండవులు కట్టారని జనం నమ్మకం. భీముడి గుడి చిన్నదే గాని పెద్ద పెద్ద బండలను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టినది. ఆ బండలను చూసినవాళ్ళకు భీముడే గుర్తుకురావడంలో వింత లేదు.

గుళ్ళ సంగతి చాలామందికి తెలుసు. అడవి సంగతి అంతగా తెలియదు. లోకంలో సమశీతల వర్షారణ్యాలని కొన్ని ఉన్నాయి. కెనడా పడమటి తీరంలో, టాస్మేనియాలో ఏడాది పొడవునా తడిసే చల్లని అడవులు. మహేంద్రగిరి ఆ కోవలోది కాదు, మనది ఉష్ణమండలం. అయినా సముద్రపు తేమ గాలి ఈ ఎత్తుకు తగిలి మంచుగా, వానగా దిగుతుంది కనుక పైన చల్లదనం వేరు. కొమ్మున గడ్డి మైదానాలు, లోయల మడతల్లో పచ్చగా ఉండే చెట్లు. దక్షిణాది మొక్కలు, హిమాలయాల మొక్కలు కలిసే చోటు ఇదని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. వెయ్యికి మించిన మొక్కల జాతులను ఇక్కడ గుర్తించారు.

జమీందారీ రోజుల్లో ఈ చుట్టుపక్కల అడవి చాలావరకు జమీందారుల ఆస్తి. కలప అమ్ముకుంటే అడిగేవాడు లేడు. తరువాత మద్రాసులో 1948 చట్టం, ఒరిస్సాలో 1951 చట్టం జమీందారీలను రద్దు చేశాయి. అడవి సర్కారుది అయింది. 1985లో దగ్గరలోని లఖరి లోయను ఏనుగుల కోసం అభయారణ్యం చేశారు. మహేంద్రగిరి వంతు మాత్రం 2022లో వచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద 4,250 హెక్టార్లను ఒరిస్సా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అభయారణ్యానికి, దీనికి తేడా ఉంది. అభయారణ్యంలో అడుగడుగునా అనుమతి కావాలి. వారసత్వ స్థలాన్ని స్థానిక సంస్థలను సంప్రదించి ప్రకటించాలి. అక్కడివారి ఆచారాలకు, వాడకాలకు అడ్డు రావడం దాని ఉద్దేశం కాదు. కొండచీపుర్లు కోసి సంతకు తెచ్చే సవర ఆడపడుచుకు ఈ తేడా చిన్నది కాదు. కాగితం మీది ఈ మాట కొండమీద ఎంతవరకు నిలుస్తుందో ఆమెనే అడగాలి.

ఇక మన సంగతి. ఈ కొండలో పుట్టిన ఏరు పేరు మహేంద్రతనయ, మహేంద్రుడి కూతురు. మందస, సోంపేట పొలాల మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే పేరున్న మరో ఏరు పర్లాకిమిడి పక్కగా పోయి వంశధారలో చేరుతుంది. పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఇంకొకటి. పైన అడవి పలచబడితే ఇసుక మేట వేసేది బారువ వైపు, వేసవిలో చెలమ ఎండేది మందస వైపు. కాని 2022 నాటి ప్రకటన రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోయింది.

ఏనుగులు మాత్రం ఆగలేదు. లఖరి వైపు నుంచి 2007 ప్రాంతంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి దిగాయి. మళ్ళీ 2018లో వచ్చాయి. చెరకు, అరటి, వరి పోగొట్టుకున్న రైతులున్నారు, మనుషులూ పోయారు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట చనిపోయాయి.