కందాయము – ఒక మాట, రెండు లెక్కలు

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో రాశిఫలాలు ముగిసిన పిమ్మట కందాయ ఫలాలు చదువుట మన ఆచారం. "మా నక్షత్రానికి సున్న పడినదా స్వామీ?" అని ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు. పడినదంటే ఆ ఇంట పచ్చడి చేదు మరి కాస్త ఎక్కువైనట్లే. ఇంతగా భయపెట్టే ఈ మాటకు అర్థమేమి?

కోలారు జిల్లాలోని బేతమంగళ వంటి ఊళ్ళలో ఈ మాటకు రెండు కాపురాలున్నవి. అక్కడి తెలుగువారు ఇంట తెలుగు మాట్లాడుతారు. కచేరీ కాగితం కన్నడంలో చదువుతారు. కన్నడంలో కందాయమంటే భూమి శిస్తు. రెవిన్యూ శాఖకు అక్కడ కందాయ ఇలాఖా అనే పేరు. పాలారు చెరువు కింద మడి ఉన్న రైతు కందాయం కట్టినాడంటే పన్ను చెల్లించినాడని భావం. ఆ రైతే ఉగాది నాడు పురోహితుని ముందు కూర్చుండి తన కందాయం ఎట్లున్నదని అడిగితే, అది వేరు లెక్క.

వేరైనా, దూరపు చుట్టరికం కాదు. తెలుగులో కందాయమంటే పన్ను అనే గాక, నాలుగు నెలల కాలమని కూడా అర్థం. ఏడాదికి మూడు కందాయాలు: చైత్రం నుండి ఆషాఢం వరకు మొదటిది, శ్రావణం నుండి కార్తికం వరకు రెండవది, మార్గశిరం నుండి ఫాల్గుణం వరకు మూడవది. శిస్తును వాయిదాలుగా చెల్లించినట్లే, ఏటి మంచిచెడ్డలను కూడా మూడు వాయిదాలుగా పంచి చూపినారు. ప్రతి నక్షత్రానికి మూడు అంకెలు. బేసి అంకె ధనలాభం, సరి అంకె సమఫలం, సున్న శూన్యం.

ఇక సున్న సంగతి. పంచాంగం తెరచి, అశ్విని మొదలు రేవతి దాకా నడిమి అంకెలను వరుసగా చదివి చూడండి. ఒకటి, రెండు, సున్న; మళ్ళీ ఒకటి, రెండు, సున్న. మొదలు ఏటేటా మారవచ్చును గాని, వరుస మారదు. ఇరువదియేడు నక్షత్రాలలో తొమ్మిదింటికి నడిమి సున్న తప్పదు. మొదటి అంకెలు ఎనిమిదింటి చుట్టూ, మూడవవి అయిదింటి చుట్టూ తిరుగుతవి. అది ఎవరిమీదా కోపంతో పడిన సున్న కాదు. భాగహారంలో మిగిలిన శేషం.

బంగారు గనుల కథతో పోల్చి చూస్తే ఈ మాట మరింత తేటపడుతుంది. బేతమంగళ చెరువు నీరు శుద్ధియై గొట్టాలగుండా కోలారు బంగారు గనుల పట్టణానికి చేరేది. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అది విక్రమ నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం. అనగా మూడవ కందాయం. ఉగాదికి నెల కూడ లేదు. ఆ ఏటి పంచాంగంలో మూడవ చోట సున్న ఉన్నవి అయిదారు నక్షత్రాలే. తక్కినవారిలో ధనలాభం ఉన్నవారూ ఉన్నారు. గని మాత్రం ఇరువదియేడు నక్షత్రాల వారికీ ఒక్కనాడే మూతపడినది. అదే పొయ్యి, అదే అప్పు, అదే రైలుబండి.

అందుచేత కందాయ ఫలాలు చదువవద్దని నా మాట కాదు. ఊరు విడిచి వచ్చిన మనకు అందరం ఒకచోట కూర్చుండి వినే వేడుక ఏడాదికి ఇదొకటే. కాని సున్న పడిన బిడ్డను చూచి పెద్దలు ముఖం చిన్నబుచ్చుకొనరాదు. పెండ్లి మాట గాని, కొత్త కొలువు గాని ఆ అంకె కోసం ఆపరాదు. మన తాతలకు కందాయమంటే వాయిదా. ఏ వాయిదా అయినా నాలుగు నెలలలో గడచిపోతుంది. ఈ సంగతి పిల్లలకు చెప్పి, అటుపిమ్మట వారి చేత పచ్చడి తినిపించండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.