గిటారు లోపలి పేర్లు

పాత బంగారం అమ్మబోతే తరుగు తీస్తారు. పాత పట్టుచీరలు అరడజను పోస్తే ఒక స్టీలు గిన్నె, అదీ గంటసేపు బేరమాడితే! మరి పాతబడేకొద్దీ ధర పెరిగే వస్తువేదైనా ఉందా అంటే, ఉంది. ఎలక్ట్రిక్ గిటారు. అన్నీ కాదు లెండి. అమెరికాలో 1965కి ముందు తయారైన ఫెండర్ గిటారయితే, రంగు పెచ్చులూడినా సరే, కళ్లకద్దుకుని కొంటారు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నవాడు లియో ఫెండర్. నాలాగే ఆయనకీ గిటారు వాయించడం రాదు! అయినా 1951లో ప్రెసిషన్ బేస్ తీసుకొచ్చాడు. అంతకుముందు మంద్రస్వరాల కోసం మనిషెత్తు వాయిద్యాన్ని మోసుకు తిరిగినవాళ్లు, దీన్ని హాయిగా భుజానికి తగిలించుకున్నారు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. అప్పట్లో దాని వెల సుమారు 250 డాలర్లు. 1965లో ఆయన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకి కోటీ ముప్ఫయి లక్షల డాలర్లకి అమ్మేశాడు. ఆ తరువాత పనితనం తగ్గిందని గిటారు ప్రియుల మాట. అందుకే పాతవాటికి అంత గిరాకీ.

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది కదా. కొనేవాళ్లు మరలు విప్పి లోపల చూస్తారు. కొన్నిటిలో చిన్న కాగితపు టేపు ముక్క, దానిమీద చేతిరాతతో ఒక పేరు కనిపిస్తాయి. మేరీ. గ్లోరియా. ఎవరి పని ఏదో తెలియడానికి కాబోలు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్లు రాసిన పేర్లు అవి.

1956లో అక్కడ చేరినావిడ అబిగైల్ ఇబార్రా. గిటారు తంతుల కింద అయస్కాంతాలుంటాయి. వాటికి వెంట్రుకంత సన్నని రాగితీగ దాదాపు 8,000 చుట్లు చుడితేనే తంతి కదలిక విద్యుత్తుగా మారి, స్పీకరులో పలుకుతుంది. చుట్టను మిషను తిప్పుతుంది, తీగను వేళ్లతో నడిపించేది మాత్రం మనిషే. ఏ రెండు చుట్టలూ అచ్చంగా ఒక్కలా ఉండవు. మన భాషలో చెప్పాలంటే చేతి మహిమ! 2013లో రిటైరయ్యేదాకా ఆవిడ చేసిన పని అదే. చివరి ఏళ్లలో ఆవిడ సంతకమున్న చుట్టలకోసం జనం ఎదురుచూసి మరీ కొన్నారు.

2019లో న్యూయార్కు వేలంలో డేవిడ్ గిల్మోర్‌గారి 0001 నంబరు స్ట్రాటోకాస్టర్ 18 లక్షల 15 వేల డాలర్లు పలికింది. వేలం సొమ్మును ఆయన పర్యావరణ సేవకిచ్చారు, మంచిదే. మరోపక్క కొత్త గిటార్లనే గీకి, రంగు రాల్చి, పాతవాటిలా చేసి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. గీతలు ఎవరైనా పెట్టగలరు. ఆ వేళ్లను ఎక్కడినుంచి తెస్తారు?

గిటారు తలమీద అందరికీ కనిపించేది ఫెండర్ పేరు. మేరీ పేరు చూడాలంటే మరలు విప్పాలి. మన ఆవకాయ జాడీకి ఆ టేపు ముక్క కూడా ఉండదు. "ఎవరు కలిపారండీ?" అని అడగాలన్న బుద్ధి తినేవాళ్లకి పుట్టాలి, అంతే.