ఎడారి ఛాయాచిత్రణమున తొలి యత్నములు

అమెరికా పశ్చిమభాగపు ఎడారులను పెద్ద గాజుపలకలపై చిత్రించిన తొలివారిలో తిమోతి ఒసల్లివన్ ముఖ్యుడు. క్లారెన్స్ కింగ్ నాయకత్వమున నలువదవ అక్షాంశరేఖ వెంబడి భూపరిశీలన జరిపిన ప్రభుత్వ బృందముతో ఆయన 1867లో నెవాడాలోని కార్సన్ ఎడారిని చిత్రించెను.

నాటి విధానము ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడిపలక పద్ధతి. గాజుపలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. ఎడారి వేడికి ఆ తడి త్వరగా ఆరిపోవును. కావున చీకటిగది బండిరూపమున చిత్రకారుని వెంట నడిచెను. చిత్రమును పెంచి ముద్రించుట నాడు సులభము కాదు. పెద్ద చిత్రమునకు అంత పెద్ద పలకయే కావలెను. ఆ పలక నీలికాంతిని మిక్కిలి గ్రహించుటచే ముద్రణలో ఆకాశము తెల్లని శూన్యముగా మిగిలెడిది.

కార్సన్ ఇసుకదిబ్బల చిత్రమున కంచరగాడిదలు పూన్చిన ఆ బండియు, దానినుండి కెమేరా వైపునకు సాగిన అడుగుజాడలును నేటికిని కనబడును. ఆ యత్నమునకు అవియే సాక్ష్యము.

అయినను చిత్రమున నిర్జనముగా తోచు ఆ సీమ నిర్జనము కాదు. ఉత్తర పైయూట్ జాతివారు తరతరములుగా అచ్చటి చిత్తడినేలల నాశ్రయించి జీవించుచుండిరి. ఆ చిత్రకారుడే 1873లో నవాహో జాతివారిని వారి మగ్గముతో సహా చిత్రించెను. కార్సన్ దిబ్బల చిత్రమున మాత్రము పైయూట్‌ల జాడ లేదు. పాత చిత్రమును ఆధారముగా గొను చరిత్రకారుడు, అందు చోటు దొరకనివారు ఎవరని గూడ విచారింపవలెను.