మంచుమీద ముగ్గు వేసిన మగువ



వాకిట్లో మెలికల ముగ్గు వేసేటప్పుడు చెయ్యి కాస్త వణికితే చాలు, గీత వంకర పోతుంది. మరి ఆ మెలికను చేత్తో కాక కాలితో, అదీ గాజుపలకలా జారిపోయే మంచుమీద, బూటుకు బిగించిన ఉక్కు బద్దతో గీయమంటే? ఫిగర్ స్కేటింగు అనే క్రీడకు ఆ పేరు అందుకే వచ్చింది. ఒంటికాలిమీద జారుతూ ఎనిమిది అంకెవంటి ఆకారాలు గీయాలి. గీసిన గీతమీదనే మళ్లీ మళ్లీ జారాలి. న్యాయనిర్ణేతలు ఆ గీతలను పరీక్షించి మార్కులు వేసేవారు. 1990 తరువాత ప్రపంచ పోటీల్లో ఈ పరీక్ష తీసేశారు. సంగీతానికి తగినట్లు చేసే గెంతులూ, గిరికీలూ మిగిలాయి. పేరు మాత్రం మారలేదు.

ఈ క్రీడకు అంతర్జాతీయ సంఘం 1892లో ఏర్పడింది. మొదటి ప్రపంచ పోటీ 1896లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగింది. పాల్గొన్న నలుగురూ మగవారే. అలాగని స్త్రీలు రాకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. వస్తారని ఎవరికీ తోచలేదు, అంతే!

1902లో ఆ పోటీలు లండన్‌లో జరిగాయి. మాడ్జ్ సైయర్స్ అనే ఇరవై ఏళ్ల ఇంగ్లీషు ఇల్లాలు తన పేరు ఇచ్చింది. ఆమెను ఆపడానికి నిబంధనల్లో ఒక్క మాటైనా లేదు. బరిలో ఉన్నది నలుగురు. స్వీడన్‌కు చెందిన ఉల్రిక్ సాల్కోకు మొదటి స్థానం, మాడ్జ్‌కు రెండో స్థానం వచ్చాయి. ఇద్దరు మగవారు ఆమె వెనక నిలిచారు.

మెచ్చుకున్నారనుకుంటున్నారా? 1903లో సంఘంవారు సమావేశమై ఆ పోటీలోకి స్త్రీలు రాకూడదన్నారు. చెప్పిన కారణాలు వినండి. పొడుగు గౌనువల్ల పాదాలు కనబడవట. న్యాయనిర్ణేత తనకు మనసైన పిల్లకు మార్కులు ఎక్కువ వేస్తాడేమోనట. ఆడవాళ్లనూ మగవాళ్లనూ పోల్చడం కష్టమట. ముందటి ఏడే పోల్చి రెండో స్థానం ఇచ్చారు కదండీ! పైగా, మనసు జారేది న్యాయనిర్ణేతకైతే శిక్ష ఆడపిల్లకా?

మాడ్జ్ ఆట మానలేదు. పాదాలు కనబడేటట్లు పిక్కలదాకా వచ్చే గౌను వేసుకుంది. స్త్రీ పురుషులు కలిసి పోటీచేసే బ్రిటన్ జాతీయ పోటీలో 1903లో గెలిచింది. 1904లో మళ్లీ గెలిచింది. ఆ ఏడు ఆమె చేతిలో ఓడినవారిలో ఒకరెవరో తెలుసా? ఆమె భర్త ఎడ్గారే! ఆమెను ఈ క్రీడలో ప్రోత్సహించినదీ ఆయనే.

చివరికి సంఘంవారు 1906లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో స్త్రీలకు వేరే పోటీ పెట్టారు. గెలిచింది మాడ్జే. 1907లోనూ ఆమే. 1908లో లండన్ ఒలింపిక్సులో ఈ క్రీడను మొదటిసారి చేర్చినప్పుడు స్త్రీల బంగారు పతకం ఆమెకే దక్కింది. భర్తతో కలిసి జంటల పోటీలో కంచు పతకమూ అందుకుంది. కాని ఆయుష్షు తక్కువ. 1917లో ముప్ఫై అయిదేళ్లకే కన్నుమూసింది.

ఆమె వేసిన బాటలో ఎందరో నడిచారు. నార్వే పిల్ల సోన్యా హెనీ 1924లో పదకొండేళ్ల వయసులో ఒలింపిక్సుకు వెళ్లి ఆఖరి స్థానంలో నిలిచింది. అదే పిల్ల 1927 నుంచి 1936 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ విజేత, మూడుసార్లు ఒలింపిక్ విజేత అయింది. చిన్ననాట పోలియో సోకిన అమెరికా యువతి టెన్లీ ఆల్‌బ్రైట్ 1956లో ఒలింపిక్ బంగారు పతకం గెలిచి, తరువాత శస్త్రవైద్యురాలయింది.

మాడ్జ్ కథలో ఒక్క సంగతి గమనించండి. స్త్రీ ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ ఆమెను ఆపే నిబంధన ఎవరికీ అవసరం కాలేదు. బాగా ఆడి చూపించిన మరుసటి ఏడే అవసరమైంది. కనుక మన ఆడపిల్లలు ఏదైనా కొత్త పనికి పూనుకున్నప్పుడు "ఇదివరకు ఎవరూ చేయలేదే" అని వెనక్కి లాగకండి. ఎవరూ చేయకపోవడం వేరు, చేయకూడకపోవడం వేరు.